ఆ ఫొటోలో గుర్రాన్ని పట్టుకున్న మనిషి ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం పుస్తకంలో ఏజెన్సీ కొండల మీద గుడారాల గురించి ఒక కథనం వేశారు. మంచు, మేఘాలు, బొంగులో చికెన్, పొద్దున్నే గుర్రపు స్వారీ అంటూ బాగానే రాశారు. నేనుండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో. మీ పేపరు ఆన్‌లైన్‌లో తిరగెయ్యకపోతే నాకు పొద్దుటి కాఫీ దిగదు, అంచేత ఇది తిట్టడానికి రాసిన ఉత్తరం అనుకోకండి. కానీ ఆ కథనం పైన ఒక ఫొటో ఉంది చూశారూ, అదే నన్ను వదలట్లేదు. చిన్న తెల్ల గుర్రం, దాని మీద ఎర్ర స్వెట్టర్ వేసుకున్న కుర్రాడు, వెనక మేఘాలు. కుర్రాడి పేరు వేశారు, ఏ ఊరు నుంచి వచ్చాడో వేశారు, క్యాంపు ఫోన్ నంబరు కూడా వేశారు. పగ్గం పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషిని మాత్రం భుజాల దగ్గర కత్తిరించేశారు. గుర్రం పేరు సంగతి సరే, ఆ మనిషికి తల కూడా లేదు.

ఒకప్పుడైతే నేనూ మేఘాలు చూసి పేజీ తిప్పేసేదాన్ని. గుర్రాలతో కొండల్లో మూడు రాత్రులు గడిపి వచ్చాక గుర్రం ఫొటో ఎక్కడ కనబడినా ముందు తాడు చూస్తాను, తర్వాత నీళ్ళ బకెట్ కోసం వెతుకుతాను. మీ ఫొటోలో బకెట్ లేదు. ఆ మూడు రాత్రుల సంగతి చెప్తే నా బాధేంటో మీకే అర్థమవుతుంది, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేముండేది ఆల్ఫారెటా పక్కన మిల్టన్ అనే ఊరు. చుట్టూ గుర్రాల కొట్టాలు. మా అమ్మాయి పదేళ్ళప్పటి నుంచి స్వారీ నేర్చుకుంటోంది, వారం వారం తీసుకెళ్ళి కంచె బయట నిలబడి ఫోన్ చూసుకోవడం వరకే నా పాత్ర. మా నాన్న కొల్లాపూర్‌లో తాలూకా ఆఫీసు గుమాస్తా, ఆయన నేర్పిన నీతి ఒక్కటే, గుర్రం వెనక, ఆఫీసర్ ముందు నడవకు అని. రెండూ పాటిస్తూ బతికేశాను. అలాంటిది 2023 అక్టోబర్‌లో మా వీధి చివర ఉండే ఒకావిడ, అరవై దాటిన మనిషి, మూడు గుర్రాలున్నాయి ఆవిడకి, "మీ అమ్మాయిని కొండలకి తీసుకెళ్తాం, నువ్వూ రా" అంది. ఆవిడా, వాళ్ళాయనా, మేము ముగ్గురం, గుర్రాలు మూడు.

వెళ్ళింది గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి, నార్త్ కరోలినా వైపు కటలూచీ అనే లోయకి. ఆ పార్కులో గుర్రాలతో సహా బండి మీదే నేరుగా వెళ్ళి దిగే క్యాంపులు ఐదున్నాయి, అన్నీ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే. షవర్లు, కరెంటు, వైఫై లాంటివి లేవు, ఆ లోయలో ఫోన్ సిగ్నల్ కూడా లేదు. ఒక బల్ల, నిప్పు పెట్టుకునే ఇనప రింగు, గుర్రాల్ని కట్టుకునే కొయ్యలు, అంతే.

బయల్దేరడానికి వారం ముందు ఆవిడ ఫోన్ చేసి, నీ బరువెంత అని అడిగింది. నాకు కోపం వచ్చింది, ఎవరికి రాదు చెప్పండి. తర్వాత విడమర్చి చెప్పింది. గుర్రం తన బరువులో ఐదో వంతు దాకా మొయ్యగలదని స్వారీవాళ్ళు లెక్క వేసుకుంటారట, జీనుతో కలిపి. నాకిచ్చే ఎర్ర గుర్రం 450 కిలోలు, ఐదో వంతు 90, జీను, సంచులు తీసేస్తే నాకు మిగిలేది డెబ్బై చిల్లర. నేను 71. బతికిపోయాను. మా ఆయన 96 కిలోలు. "మీకు చెట్లు చూసుకుంటూ నడవడం బాగుంటుంది" అని చాలా మర్యాదగా చెప్పింది ఆయనకి. ఆయన మూడు రోజులూ నడిచాడు, ఇప్పటికీ ఆ మాట అంటుంటాడు.

ఇక కాగితాలు. గుర్రాలకి మనుషుల కంటే ఎక్కువ కాగితాలున్నాయి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి గుర్రాన్ని తీసుకెళ్ళాలంటే కాగిన్స్ పరీక్ష అని ఒక రక్తపరీక్ష చేయించిన కాగితం ఉండాలి. ఈక్విన్ ఇన్‌ఫెక్షస్ అనీమియా అనే జబ్బు లేదని రుజువు అది. ఆ జబ్బు జోరీగలు కుట్టడం వల్ల ఒక గుర్రం రక్తం నుంచి ఇంకోదానికి పోతుంది, మందు లేదు, వచ్చిందని తేలితే ఆ గుర్రాన్ని చంపెయ్యడమో, బతికినన్నాళ్ళూ మిగతా గుర్రాలకి దూరంగా విడిగా ఉంచడమో చెయ్యాలి. జోరీగ అన్న తెలుగు మాట నాకు తెలుసుగానీ, జోరీగ చెవిలో రొద తప్ప అది చేసే అసలు పని నాకు అప్పుడే తెలిసింది.

సామాను చూస్తే సగం ట్రక్కు ఎండుగడ్డి. ఒక గుర్రం రోజుకి తొమ్మిది పది కిలోల మేత తింటుంది, 20 నుంచి 40 లీటర్ల నీళ్ళు తాగుతుంది. మూడు గుర్రాలు, నాలుగు రోజులు, మీరే లెక్క కట్టుకోండి. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. మేత ఉన్నట్టుండి మార్చకూడదు కాబట్టి ఇంట్లో తినే గడ్డే మోసుకెళ్ళాలి. మా వంతు వంటసామాన్లలో నేను ఉలవచారు కూడా పెట్టుకున్నాను. ఉలవలకి ఇంగ్లీషులో గుర్రాల పేరే పెట్టారనీ, మా దేశంలో గుర్రాలకి వండి పెట్టేదాన్నే మేం మీగడ వేసుకుని తింటామనీ చెప్తే ఆవిడ సీసా మూత తీసి వాసన చూసి, మా గుర్రాలకి మాత్రం పెట్టకు అంది. రాత్రికి రెండు గరిటెలు అడిగి వేయించుకుంది, అది వేరే సంగతి.

లోయలోకి దిగే దారి సన్నటి మట్టిరోడ్డు, పక్కన అడ్డుగోడ ఉండదు. గుర్రాల ట్రైలర్ తగిలించుకుని ఆ మలుపులు తిరుగుతుంటే ఎదురుగా ఒక కారు వచ్చింది, ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. కారు అతనే పోయాడు. మేం నరసింహస్వామిని తలుచుకున్నాం.

అక్కడ నాకు మొదట కొత్తగా అనిపించింది ఏంటంటే, దిగగానే ఎవరూ గుడారం వెయ్యలేదు. టీ పెట్టలేదు. మా అమ్మాయి ఒక కుర్చీ తీసింది, ఆవిడ మళ్ళీ మడత పెట్టించింది. ముందు గుర్రాల్ని దించడం, కాళ్ళు తడిమి చూడడం, నాలుగు గంటలు నిలబడి వచ్చాయి కాబట్టి కాసేపు నడిపించడం, తర్వాత నీళ్ళు, తర్వాత గడ్డి, తర్వాత ఎక్కడ కట్టాలో చూడడం, ఇవన్నీ అయ్యాకే మనుషుల సంగతి. దాదాపు రెండు గంటలు. ఆకలికి మా ఆయన మొహం వాడిపోయింది, ఒక్కరూ పట్టించుకోలేదు.

కట్టడం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే మీ ఫొటోతో నా గొడవంతా అక్కడే ఉంది. చెట్టుకి నేరుగా గుర్రాన్ని కట్టరు. విసుగొచ్చినప్పుడు గుర్రం ముందు కాలితో నేల గీకుతుంది, రాత్రంతా గీకితే వేళ్ళు బయటపడతాయి, తాడు రాసుకుని బెరడు ఊడిపోతుంది, రెండు మూడేళ్ళు అదే చెట్టుకి కడితే చెట్టు చస్తుంది. అందుకే ఇలాంటి క్యాంపుల్లో కొయ్యలు పాతి ఉంచుతారు. కొయ్యలు లేని అడవిలో అయితే రెండు చెట్ల మధ్య గుర్రం తల కంటే ఎత్తులో ఒక తాడు బిగించి కడతారు, చెట్టుకి చుట్టే చోట వెడల్పాటి పట్టీ వేస్తారు, ఆ తాడుకి గుర్రం పగ్గాన్ని వేలాడదీస్తారు. పగ్గం కొలత మీదే ఉంటుంది అంతా. మరీ పొట్టిగా కడితే గుర్రం తల దించి గడ్డి తినలేదు, పొడుగ్గా వదిలితే కాలు తాడులో పడి, బెదిరి, కాలో మెడో విరగ్గొట్టుకుంటుంది. ముడి కూడా ఒక్క లాగుడుకి ఊడిపోయేలా వెయ్యాలి. మా అమ్మాయి ఆ ముడి నలభై సార్లు వేసి చూపించింది, నాకు ఇప్పటికీ రాదు.

కొయ్యలకి కట్టేసి, గడ్డి వేసి, లద్దె ఎత్తే పార, తోపుడు బండి పక్కన పెట్టారు. మూడు రోజుల్లో ఆ పార ఎన్నిసార్లు ఎత్తానో చెప్పలేను. పడ్డ లద్దె పడ్డట్టు ఎత్తాలి, చెప్పిన చోటే వెయ్యాలి, వెళ్ళేటప్పుడు కింద రాలిన గడ్డి పరకలు కూడా ఊడ్చెయ్యాలి. దాణా మూట రాత్రి బయట ఉంచకూడదు, ట్రక్కులో పెట్టి తాళం వెయ్యాలి, ఎలుగుబంట్లకి మన అన్నం, గుర్రం దాణా తేడా లేదు, ఆ పార్కులో దాదాపు 1,900 ఎలుగుబంట్లున్నాయని అంచనా. కట్టెలు కూడా ఇంటి నుంచి తెచ్చుకోనివ్వరు, బాగా వేడి చేసి పురుగు చంపారన్న ముద్ర ఉన్న కట్టెలే తేవాలి, 2015 నుంచి ఆ రూలు. బయటి కట్టెల్లో వచ్చే పురుగు చెట్లని తినేస్తోందట.

ఇన్ని రూల్సు విని మా ఆయన, ఇది సెలవా, ఎన్‌సీసీ క్యాంపా అన్నాడు.

కానీ సాయంత్రం పూట ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ. లోయలో పచ్చిక బయళ్ళలోకి ఎల్క్‌లు అనే జింకలు వస్తాయి. మన కణుజు కంటే పెద్దవి, పేద్ద కొమ్ములు. వేటాడి వేటాడి ఆ కొండల్లో ఒక్కటి లేకుండా చేశారట, మళ్ళీ 2001లో 25, మరుసటి ఏడు 27 బయట నుంచి తెచ్చి ఇదే లోయలో వదిలారు. అక్టోబర్ అంటే మగవి ఇంకా అరుస్తుంటాయి, అరుపంటే గర్జన కాదు, సన్నటి ఈల, పిల్లనగ్రోవి తప్పు పట్టి ఊదినట్టు. మొదటిసారి అది వినబడగానే మూడు గుర్రాల చెవులూ ఒకేసారి అటు తిరిగాయి. చెవులు తిరిగాక మెడలు, మెడల తర్వాత కాళ్ళు. ఆవిడ పరిగెత్తలేదు, అరవలేదు, మెల్లగా వెళ్ళి వాటి పక్కన నిలబడి మామూలుగా మాట్లాడింది, వాతావరణం గురించో ఏదో. అవి సర్దుకున్నాయి. గుర్రాల క్యాంపు ఎందుకంత సద్దుమణిగి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. అక్కడికొచ్చేవాళ్ళంతా మౌనవ్రతం పట్టిన మునులేం కాదు. గుర్రం పారిపోయి బతికే జంతువు, శబ్దానికి బెదిరితే ముందు పరిగెత్తుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. ఒక్కటి తాడు తెంపుకుంటే చుట్టూ ఉన్నవన్నీ తెంపుకుంటాయి. చీకట్లో, కొండల్లో, అర టన్ను బరువున్న జంతువు. అందుకని రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చెయ్యకూడదన్న రూలు మామూలు క్యాంపుల్లో బోర్డు మీద ఉంటుంది, ఇక్కడ ఒంట్లో ఉంటుంది.

మనవాళ్ళం అమెరికాలో పది కుటుంబాలు కలిసి క్యాంపింగ్‌కి వెళ్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు లెండి, నేనూ వెళ్ళాను. ఒక పెద్ద స్పీకరు, రెండు బిర్యానీ గిన్నెలు, అంత్యాక్షరి, పక్క సైటువాళ్ళు రేంజర్‌ని పిలుచుకు రావడం. కాబట్టి ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు, అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు అని నేను చెప్పట్లేదు. ఆ లోయ కథ కూడా అంత తెల్లటిదేం కాదు. పేరే చెరోకీ వాళ్ళ మాట నుంచి వచ్చింది, వాళ్ళెవరూ ఇప్పుడు ఆ లోయలో లేరు. తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్ళు 1910 నాటికి పన్నెండు వందల మంది ఉండేవారు, 1934లో పార్కు ఏర్పడింది, వాళ్ళనీ ఖాళీ చేయించారు. ఒక చర్చి, ఒక బడి, కొన్ని ఇళ్ళు అలాగే ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. ఏటా ఆగస్టులో ఆ కుటుంబాల వారసులు చర్చి దగ్గర కలుసుకుంటారు, సమాధుల మీద పూలు పెట్టి, భోజనాలు చేసి వెళ్తారు. మా అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం నీళ్ళలో మునిగింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి గోడ పైకి తేలిందని ఎవరైనా చెప్తే మా అమ్మ బస్సెక్కి పోయి చూసి వచ్చేది. ఆ బడి మెట్ల మీద కూర్చుని నాకు అదే గుర్తొచ్చింది. సరే, ఇది పక్కదారి.

రెండో రోజు కాల్డ్‌వెల్ ఫోర్క్ అనే దారిలో వెళ్ళాం. ఏటిని దాటడమే పని, లెక్కపెట్టడం మానేశాను. గుర్రాలు నీళ్ళలోంచి, మా ఆయన పక్కన దుంగ మీదుగా. ఎదురొచ్చిన నడకవాళ్ళు గుర్రాల్ని చూసి దారికి కింది వైపు తప్పుకుని నిలబడి, మెల్లగా హలో అన్నారు. కింది వైపే ఎందుకంటే, ఎత్తు మీద నిలబడ్డది ఏదైనా గుర్రానికి దూకబోతున్న పులిలా కనబడుతుందట. మనిషి నోరు విప్పి మాట్లాడితే పులి కాదని దానికి తెలుస్తుంది.

ఆ రాత్రే అసలు గొడవ. పదకొండింటికి ఆవిడ మా గుడారం జిప్పు తీసి, లే అంది. ఎర్ర గుర్రం, అంటే నన్ను మోసినది, గడ్డి వదిలేసింది. ముందు కాలితో నేల గీకుతోంది, మాటిమాటికీ మెడ తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటోంది. కడుపునొప్పి. మనకైతే వాంతయితే తగ్గుతుంది, గుర్రం వాంతి చేసుకోలేదు, తిండి పొట్టలోకి దిగే చోట ఉండే కండరం ఒకవైపే తెరుచుకుంటుంది. లోపలికి పోయింది వెనక నుంచి రావాల్సిందే, రాకపోతే పేగు మెలిపడి చచ్చిపోతుంది. కడుపునొప్పితో గుర్రం చచ్చిపోవడమేంటని నేను అనుకున్నాను, గుర్రాలు ఎక్కువగా పోయేదే దాంతోనని మా అమ్మాయి ఏడుస్తూ చెప్పింది.

ఆవిడ గుర్రం డొక్కకి చెవి ఆనించి వింది. ఒకవైపు గుడగుడ ఉంది, రెండోవైపు లేదు. ఏటి నీళ్ళ రుచి వేరుగా ఉండి మొదటి రోజు సరిగా తాగలేదని ఆవిడ అనుమానం. డాక్టర్ ముందే ఇచ్చి ఉంచిన ఇంజెక్షన్ చేసింది. వాళ్ళాయనా, మా ఆయనా సిగ్నల్ దొరికేదాకా ఆ మట్టిరోడ్డు మీద పైకి వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడి రావడానికి రెండు గంటలు పట్టింది. మేం గుర్రాన్ని నడిపిస్తూనే ఉన్నాం. నేను, మా అమ్మాయి, ఆవిడ, వంతులేసుకుని. పక్క సైటులో ఉన్న ఇద్దరు లేచి వచ్చారు. వాళ్ళు చేసిన మొదటి పని తలకి పెట్టుకున్న లైటు ఆర్పెయ్యడం, గుర్రం కళ్ళలో పడుతుందని. ఏమైంది, ఎలా జరిగింది అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఒకతను తాడు నా చేతిలోంచి తీసుకుని, నువ్వు కూర్చో అన్నాడు. నేను కూర్చోలేదు, పక్కనే నడిచాను. వెన్నెల్లో గుర్రం డెక్కల చప్పుడు, ఏటి చప్పుడు. భయంతో నాకు కడుపులో తిప్పుతున్నా, అంత నెమ్మదిగా గడిచిన రాత్రి నా జీవితంలో ఇంకోటి లేదు.

మూడున్నరకి లద్దె వేసింది. మేమంతా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాం, చేతులు అలా గాల్లోనే ఉన్నాయి. ఆవిడ నేల మీద చతికిలబడి నవ్వింది. మర్నాడు ఎవరం స్వారీకి వెళ్ళలేదు. పొద్దంతా అక్కడే కూర్చుని అది నీళ్ళు తాగడం చూశాం, గుటకలు లెక్కపెట్టాం.

2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుపాను వచ్చి ఆ ప్రాంతమంతా తుడిచిపెట్టేసింది. కొండ పక్కనుంచి పోయే ఇంటర్‌స్టేట్ 40 రోడ్డు కొంతమేర ఏట్లో కూలిపోయింది, లోయకి వెళ్ళే దారులు కొట్టుకుపోయి చాలా నెలలు మూసేశారు. పశ్చిమ నార్త్ కరోలినాలో రోడ్లు తెగిన ఊళ్ళకి కంచర గాడిదల మీద మందులు, తిండి వేసుకుని వెళ్ళి ఇచ్చారు కొందరు. ఆ వార్త చూసి నాకు మన ఏజెన్సీ గుర్తొచ్చింది. రోడ్డు లేని చోట గుర్రం విలువ ఏంటో పాడేరు కొండల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు కదా. మైదానంలో పెళ్ళి బరాత్‌కి తప్ప గుర్రం కనబడని రోజుల్లో కూడా అక్కడి ఆదివాసీలు సంతకి సరుకు వేసుకెళ్ళడానికి, కొండ మీది ఊళ్ళకి బస్తాలు చేర్చడానికి గుర్రాలు పెంచుతున్నారు.

మొన్న జనవరిలో ఇండియా వచ్చినప్పుడు మా తమ్ముడి కుటుంబంతో కలిసి పాడేరు దగ్గరి వంజంగి వెళ్ళాం. ఆ మేఘాలు నిజంగానే అంత అందంగా ఉంటాయి, మీరు రాసినదానిలో అబద్ధం లేదు. మేం దిగిన క్యాంపు పేరు చెప్పను, అలాంటివి ఒకటి కాదు అక్కడ. రాత్రి ఒంటిగంట దాకా డీజే. మంట చుట్టూ డ్యాన్సులు, నాకేం అభ్యంతరం లేదు, వయసులో ఉన్న పిల్లలు, ఆడుకోనీ. కానీ స్పీకర్‌కి ఇరవై అడుగుల దూరంలో ఒక చిన్న గుర్రం సిల్వర్ ఓక్ చెట్టుకి కట్టేసి ఉంది. తాడు జానెడు. తల పైకెత్తే ఉండాలి, దించడానికి లేదు. పాటలో దరువు పడ్డప్పుడల్లా దాని రెండు చెవులూ మెడకి అతుక్కుపోతున్నాయి. నీళ్ళు లేవు. చెట్టు మొదట్లో గుండ్రంగా మట్టి లేచిపోయి వేళ్ళు కనబడుతున్నాయి, అంటే ఇది ఆ ఒక్క రాత్రి సంగతి కాదు.

నేను వెళ్ళి బకెట్‌తో నీళ్ళు పెడితే దూరంగా కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. గుర్రం ఆయనదే. తాడు అంత పొట్టిగా కట్టారేంటి పెద్దాయనా అని అడిగాను. "నేను కట్టలేదమ్మా, ఫొటోలో తల వంచకూడదని క్యాంపు కుర్రాళ్ళు కట్టినారు" అన్నాడు. ఊళ్ళో అయితే కట్టనే కట్టడట, కొండ మీద మేపి సాయంత్రానికి పిలిస్తే వస్తుందట. పాట మోగినంతసేపూ మేత ముట్టదనీ, అందుకే అంతా పడుకున్నాక చీకట్లో ఇంటికి తోలుకుపోయి చోళ్ళ (రాగుల) గడ్డి వేసి, మళ్ళీ నాలుగింటికి తెచ్చి నిలబెడతాననీ చెప్పాడు. "ఇంతకుముందు సంతకి బస్తాలు మోసేది. బస్తాలే నయం, గెంతవు" అన్నాడు. ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. కాళ్ళు తడిమి చూపించాడు, డెక్క ఎత్తి చూపించాడు, మా మిల్టన్ ఆవిడ చేసినట్టే, అదే వరసలో. ఇద్దరినీ ఒక చోట కూర్చోబెడితే భాష రాకపోయినా పొద్దుగూకేదాకా మాట్లాడుకుంటారు. పొద్దున మా కళ్ళ ముందే తొంభై కిలోలకి తక్కువుండని ఒకతను ఆ గుర్రం ఎక్కాడు. దాని బరువు మహా అయితే రెండు వందల యాభై. ఐదో వంతు ఎంతో మీరే చూసుకోండి.

మన దగ్గర చట్టాల్లేవు, అమెరికా కబుర్లు చెప్పకు అన్నాడు మా తమ్ముడు. ఉన్నాయి. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే నియమాలని 1965లోనే చేశారు. పొట్టి గుర్రం మీద వేసే బరువు 70 కిలోలు దాటకూడదని, రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదని, ఐదు గంటలకి మించి ఏకబిగిన తిప్పకూడదని, ఎండ 37 డిగ్రీలు దాటే చోట పన్నెండు నుంచి మూడు మధ్య పని వద్దని అందులో రాసి ఉంది. నేను పుట్టకముందు రాసినవి. ఇక జబ్బుల సంగతి తీసుకుంటే గ్లాండర్స్ అనేది గుర్రాల నుంచి మనుషులకీ అంటుకుంటుంది, ప్రాణాలు తీస్తుంది, మన దేశంలో అది ఇంకా ఉంది. హిస్సార్‌లో గుర్రాల మీద పనిచేసే జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, రక్తపరీక్షలున్నాయి. పర్యాటకులు ఎక్కే గుర్రాలకి పరీక్ష చేయించారా అని ఆ క్యాంపు మేనేజర్‌ని అడిగితే, "మేడమ్, గుర్రం చాలా క్లీన్, షాంపూతో కడుగుతాం" అన్నాడు.

క్యాంపులు మూసెయ్యమని నేను అనను. ఆ ముసలాయనకి సంత బస్తాల కంటే దీంట్లో నాలుగు డబ్బులు ఎక్కువ వస్తున్నాయి, ఆ మాట ఆయనే చెప్పాడు. నేను అడిగేది చాలా చిన్నవి. గుర్రాన్ని పెట్టుకున్న క్యాంపు స్పీకర్ పెట్టుకోకూడదు, రెండిట్లో ఏదో ఒకటే. కొయ్య పాతండి, చెట్టుని వదిలెయ్యండి. నీళ్ళ తొట్టి పెట్టండి. ఎక్కేవాళ్ళని తూకం వెయ్యండి, నాకు కోపం వచ్చి పోయినట్టే వాళ్ళకీ వచ్చి పోతుంది. గుర్రం ఎప్పుడు పని చెయ్యాలో, ఎప్పుడు మానాలో గుర్రం మనిషి చెప్పాలి, స్పీకర్ కుర్రాడు కాదు. అక్కడ గుర్రాల గురించి తెలిసినవాళ్ళు లేక కాదు ఇదంతా, వాళ్ళని అడిగేవాళ్ళు లేక.

మీరు కూడా అడగలేదు. మీ విలేకరి ఆ కథనం కోసం క్యాంపు యజమానితో మాట్లాడారు, ఎర్ర స్వెట్టర్ కుర్రాడితో మాట్లాడారు, హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త జంటతో మాట్లాడారు. గుర్రం పక్కనున్న మనిషి ఆ ఫొటోలో మేఘాలకి అడ్డం వచ్చాడు కాబట్టి పోయాడు. నేను చూసిన ముసలాయనా, మీ ఫొటోలో ఆయనా ఒకరేనో కాదో నాకు తెలీదు. ఒకరే అయితే ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంటుంది, తాడు చుట్టుకుని పోయిందని చెప్పాడు. మీ దగ్గర కత్తిరించని ఫొటో ఉండే ఉంటుంది కదా, ఒకసారి తీసి చూడండి. ఎవరైనా సరే, పేరు కనుక్కుని వచ్చే ఆదివారం ఆ ఫొటో మొత్తం వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
మిల్టన్, జార్జియా (స్వస్థలం కొల్లాపూర్)